బూడిదనీళ్లలో చెయ్యి

ఆషాబిని మట్టిలో పెట్టి ఏడు రోజులైంది. ఎనిమిదో రోజున నీలి అద్దకం సంఘం మొత్తం ఒకే తీరు గుడ్డ కట్టుకుని, డోలు ముందు నడవగా ఆ ఇంటికి రావాలి. ఆమె కుండ చుట్టూ ఆడాలి. ఆ కుండను పెద్దకూతురి చేతుల్లో పెట్టి వెళ్లాలి. నలభై ఏళ్లు ఆ సంఘంలో చేతులు ముంచిన మనిషికి అది హక్కు. కానీ కిందటివారం కథలో ఏం జరిగింది? డకార్ నగరపు వర్తకురాలు రెండు గుడ్డలు వెనక్కి పంపింది. వేలితో లాగితే చినిగిపోతున్నాయి. గుడ్డ మూలన ఆషాబి గుర్తు ఉంది. నీలి దింపే బూడిదనీళ్లకు బదులు, గుడ్డను తినేసే సీమసోడా వాడిందని సంఘం తేల్చేసింది, రేపు ఆ గడప తొక్కేది లేదని కబురు పంపింది. కబురు తెచ్చిన మనిషి ముఖం మీదే తలుపేసి, పెద్దకూతురు అవేరో తలగుడ్డ బిగించుకుని సంఘం ఉండే ఇసాలె-ఆరో పేటకు నడిచింది. వెనకాలే చెల్లెలు అయొకా. వాళ్లిద్దరినీ మనం సంఘం గుమ్మం ముందు వదిలిపెట్టాం.

ఆ గుమ్మం దాటిన ప్రతి మనిషికీ, మాటలు పలికే డోలు మీద డోలువాడు ఆమె బిరుదు వాయించాలి. అయాన్‌డేలే అనే ఈ డోలువాడి కుటుంబానికి మూడు తరాలుగా అదే పని. అవేరోకి రెండడుగుల ముందు ఒక ముసలామె లోపలికి వెళ్లింది. చంకలో డోలు నొక్కుతూ, వంపు కర్రతో ఆమె తాత పేరు దాకా వాయించాడు. అవేరో గడప మీద కాలు పెట్టగానే కర్ర ఆగిపోయింది. డోలు మీద లేని దుమ్మును తుడవడం మొదలుపెట్టాడు.

"ఏం అయాన్‌డేలే, చెయ్యి పడిపోయిందా?"

"నన్నంటే ఏం లాభం అక్కా? వాయించమంటే వాయిస్తా, వద్దంటే మానేస్తా."

"నీ పెళ్లికి మీ ఆవిడకి కట్టుగుడ్డ ఎవరు అద్దారు?"

"మీ అమ్మే."

"చినిగిందా?"

"లేదక్కా. నిన్న కూడా కట్టింది."

"ఆ ముక్క లోపలికొచ్చి చెప్పు. డోలుతో అక్కర్లేదులే, నోటితో చెప్పు చాలు."

అయాన్‌డేలే తల దించుకున్నాడు. నోరున్న డోలు చంకలో పెట్టుకుని మూగవాడైపోయే మగవాళ్లను ఆ పేటలో చాలామందిని చూశాం, ఇతనొక్కడే కాదు.

ముంగిట్లో ముప్పైమందికి పైగా ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. అందరిదీ ఒకటే గుడ్డ. ముదురు నీలి మీద తెల్లటి పిట్టలు, పిట్టల మధ్య చిన్న చిన్న దువ్వెనలు. అవేరో కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. ఆ గుడ్డ ఆమెకు తెలుసు. అమ్మ పోయిన మర్నాడే, ఇంకా ఏ నిందా పుట్టకముందు, సంఘం అంతా కలిసి ఎనిమిదో రోజు కోసం ముంచిన గుడ్డ అది. నీలి అంటకుండా ఆపే కర్రపెండలం గంజితో ఆ పిట్టల్లో సగం అవేరో తన చేత్తో, కోడి ఈకతో గీసింది. ఏడుస్తూ గీసింది. ఇప్పుడు ఆ గుడ్డలు కట్టుకుని వీళ్లు వక్కలు నమిలినట్టు కోలాకాయలు కొరుకుతున్నారు.

"ఎవరి కోసం ముంచిన గుడ్డ ఎవరి కోసం కట్టారు?" అంది అవేరో. గొంతు ముంగిలి చివరి దాకా వినపడింది.

సంఘంలో పెద్దమ్మ తర్వాతి స్థానం కుడిపీటమ్మది. ఆమె కోలా ముక్కను బుగ్గలోకి తోసింది. "గుడ్డేం పాపం చేసిందే? నెల తిరిగితే మన అద్దకాల తల్లి ఇయా మపో పండగ. దానికి పనికొస్తుందని కుట్టించుకున్నాం. కొత్తగుడ్డని పెట్టెలో పెట్టి ఎలకలకి పెట్టమంటావా?"

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు విన్న తర్వాత అవేరో ఇక మోకాలు వంచలేదు. పెద్దల ముందుకు వస్తే మోకరిల్లాలి. పసిపిల్లకైనా తెలిసిన మర్యాద అది. ఆమె నిలబడే ఉంది. వెనక అయొకా మాత్రం గబుక్కున రెండు మోకాళ్లూ ఆనించి, గుడ్డ చుట్టిన కుడిచేతిని ఒళ్లో దాచుకుంది.

నడిమి పీట మీద ఉన్న లడిపో తల్లి, సంఘం పెద్దమ్మ, అవేరోని కిందనుంచి మీదికి చూసింది. డెబ్భై ఏళ్ల మనిషి. వీపు ఇంకా వంగలేదు. ఆమే, ఆషాబీ ఒకే ఏడు సంఘంలో చేరారు. పెద్దమ్మ పీటకు ఇద్దరూ నిలబడ్డారు, దక్కింది ఒకరికి.

"మోకాళ్లు నొప్పులా అవేరో?"

"నొప్పి వేరే చోట ఉంది పెద్దమ్మా. ముందు అది తీరితే మోకాళ్ల సంగతి చూద్దాం."

"నోరు అదుపులో పెట్టుకో. తల్లి పోయిన మనిషివని ఊరుకుంటున్నా."

"ఊరుకోకండి. అదే అడగడానికొచ్చా. మా అమ్మ పోయినప్పుడు ఊరుకున్నారు, డకార్ నుంచి రెండు పాతలు రాగానే నోళ్లు లేచాయి. నలభై ఏళ్ల పనికి రెండు పాతలు సమాధానమా?"

కుడిపీటమ్మ ఆ రెండు గుడ్డలనీ తెచ్చి చాప మీద పడేసింది. "గుర్తు మీ అమ్మదా, కాదా? అది చెప్పు ముందు. గుండ్రం లోపల మూడు గీతలు."

"మా అమ్మదే."

"ఇంకేం మరి!"

"గుర్తు ఎవరైనా గీయొచ్చు. నేను గీయగలను. నువ్వు గీయగలవు. పని ఎవరిదో చెప్పేది గుర్తా? మా అమ్మ బూడిదనీళ్లు ఎలా చూసేది? నువ్వే చెప్పు పెద్దమ్మా, నీ పక్కనే కదా నలభై ఏళ్లు చూసింది."

లడిపో తల్లి మోకాళ్ల మీద గుడ్డ సర్దుకుంది. తర్వాత అంది, "నాలుకతో."

"నాలుకతో!" అవేరో ముంగిలి అంతా కలయజూసింది. "మీరంతా వేలు ముంచి రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తారు. జారిందా లేదా అని చూసి సరిపెట్టుకుంటారు. ఆవిడ అలా కాదు. ప్రతి కుండా, ప్రతి పొద్దూ, వేలు ముంచి నాలుక చివర పెట్టుకోందే గుడ్డ ముంచనిచ్చేది కాదు. చిన్నప్పుడు మమ్మల్ని కూడా నాకమనేది. ఘాటు సరిపోలేదంటే ఇంకో రోజు ఆగమనేది. సోడా అయితే అలా నాకగలదా? నాలుక ఊడి చేతికొస్తుంది. మా అమ్మ సోడా వాడిందని చెప్పే మనిషి, ముందు తన నాలుక మీద సోడా వేసుకుని చూపించాలి!"

ముంగిలి కాస్త కదిలింది. నాకడం మాట నిజమని వాళ్లకూ తెలుసు. చాపల మీద ఇద్దరు ముగ్గురు తలలూపారు కూడా. కుడిపీటమ్మకు అది నచ్చలేదు.

"అంత శుద్ధమైన మనిషి సంఘం విందులకు రావడం ఎందుకు మానేసింది? వానలు మొదలైన దగ్గర్నుంచి ఒక్క విందుకి రాలేదు. ముఖం చెల్లకే కదా?"

"ముఖం చెల్లక కాదు, నోరు బాగాలేక. మూడు నెలలుగా కారం ముట్టలేదు ఆవిడ. చల్లటి గంజి తప్ప ఏదీ దిగలేదు. మీ ఎర్రనూనె కూరలకొచ్చి ఏం తింటుంది? నిన్ను చూస్తూ కూర్చోవాలా?"

ఈసారి నవ్వు అవేరో వైపు వచ్చింది. కుడిపీటమ్మ బుగ్గలో కోలా ముక్క ఆగిపోయింది. లడిపో తల్లి మాత్రం నవ్వలేదు. కారం ముట్టలేదన్న మాట దగ్గర ఆమె కళ్లు ఒకసారి చిన్నవయ్యాయి. అవేరో అది గమనించలేదు. కోపంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్ల నోళ్లే కనపడతాయి, కళ్లు కనపడవు.

"చేతులు చూద్దాం," అంది అవేరో. "సోడా ముట్టిన చేతులు దాచినా దాగవు. గోళ్లు తినేస్తుంది, తోలు ఊడదీస్తుంది. మా అమ్మ చేతులు నేను కడిగాను. పెద్దకూతుర్ని, ఒళ్లంతా నేనే కడిగాను. మోచేతుల దాకా నీలి, గోళ్లన్నీ గోళ్లే. ఒక్క పొర లేవలేదు. మరి ఆ గుడ్డలు ముంచిన చేతులు ఎక్కడో ఉండాలిగా? ఈ పేటలోనే ఉండాలి. ఈ ముంగిట్లోనే ఉండాలి!"

ఆమె నేరుగా నడిమికి నడిచింది. అక్కడ, పెద్దమ్మ పీట ముందు, మట్టిబానలో బూడిదనీళ్లు ఉన్నాయి. ఆ సంఘంలో ఏ సభ మొదలైనా అందరూ దాన్లో చేయి ముంచుతారు. ఆ తడి ఆరేలోపు అబద్ధం ఆడకూడదు. అవేరో అమ్మమ్మ కాలంలో మోచేతి దాకా ముంచేవారట. ఇప్పుడు వేలికొనలు తడిపి, గుడ్డకు తుడుచుకుని, మాటల్లో పడుతున్నారు.

అవేరో రవిక చేయి పైకి లాక్కుని బానలో మోచేతి దాకా ముంచింది. ముంచి అలాగే ఉంచింది.

"వేళ్లు కాదు. ఇలా! ఒక్కొక్కరూ రండి. సోడా తిన్న చెయ్యి ఈ నీళ్లలో పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలవదు. నిలబడలేని చెయ్యి ఎవరిదో, మా అమ్మ గుర్తు దొంగిలించింది వాళ్లే. అందరివీ నిలిచాయా, అప్పుడు నేనే మోకాళ్ల మీద దేకుతూ వచ్చి మీ కాళ్లు పట్టుకుంటా."

"పెద్దవాళ్లని చేతులు ముంచమంటావా? నువ్వెవతివే మాకు ఆజ్ఞలివ్వడానికి?" కుడిపీటమ్మ లేచి నిలబడింది.

"భయమా?"

"భయమా! నాకా!"

లడిపో తల్లి చెయ్యెత్తింది. పీట మీంచి లేచి బాన దగ్గరికి వచ్చింది. అవేరో చెయ్యి తీసి పక్కకు జరిగింది. ముసలామె ఎండిపోయిన నీలిచెయ్యి మోచేయి దాటి మునిగింది. పది అంకెలు గడిచాయి. ఇరవై గడిచాయి. ముఖంలో ఒక్క గీత కదలలేదు.  నిజం చెప్పాలంటే, ఆ చెయ్యి నిలవదనే అవేరో ఆశపడింది. ఆ పీట నాటి పాత కక్షను పెద్దమ్మ ఇప్పుడు తీర్చుకుంటోందని, గుడ్డలు వెనక్కొచ్చిన దగ్గర్నుంచి మనసులో రాసి పెట్టుకుంది.

"చాలా?" అంది లడిపో తల్లి. "లేవండి అందరూ. ఆషాబి కూతురు అడిగింది న్యాయంగానే అడిగింది."

ఒక్కొక్కరే వచ్చారు. కుడిపీటమ్మ గొణుక్కుంటూ ముంచింది, గొణుక్కుంటూ తీసింది. నిలిచింది. లావుపాటివి, సన్నటివి, ముడతలు పడ్డవి, అన్నీ నీలిచేతులే, అన్నీ నిలిచాయి. ఒక్కొక్క చెయ్యి నిలిచిన కొద్దీ అవేరో ముఖం మాడిపోతూ వచ్చింది. చివరి మనిషి చెయ్యి తుడుచుకుని చాప మీద కూర్చుంది.

"అయిపోయారు," అంది కుడిపీటమ్మ. "ఇక దేకుతావా?"

"అయిపోలేదు," అంది లడిపో తల్లి. "గుమ్మం దగ్గర ఒక మనిషి ఉంది."

అందరూ వెనక్కి తిరిగారు. అయొకా లేవలేదు.

"దాని వల్ల కాదు పెద్దమ్మా," అంది అవేరో చిరాగ్గా. "బొబ్బర గారెలు వేయిస్తుంటే చేతి మీద నూనె పడింది. నేనే కట్టు కట్టాను."

"కట్టింది నువ్వే. నూనె పడటం నువ్వు చూశావా?"

అవేరో గుమ్మం వైపు తిరిగింది. చూడలేదు. చెల్లెలు చెప్పింది, తను నమ్మింది. సగం చీకటి వంటగదిలో, ఏడుస్తున్న పిల్ల చేతికి కళ్లు తుడుచుకుంటూ కట్టిన కట్టు అది. నాలుగడుగుల్లో గుమ్మం చేరి చెల్లెలి మణికట్టు పట్టుకుంది. అయొకా "అక్కా, వద్దు" అంది. వినలేదు. బరబరా బాన దాకా లాక్కొచ్చి, కట్టు విప్పి, ఆ చేతిని నీళ్లలో ముంచింది.

అయొకా అరిచిన అరుపుకు గోడ మీది కోళ్లు ఎగిరిపోయాయి.

చెయ్యి బయటికొచ్చింది. అరచేయి పచ్చిగా ఉంది. రెండు గోళ్లు లేవు. అది నూనె చేసిన పని కాదని ముంగిట్లో ముప్పైమందికీ ఒక్కసారే తెలిసింది. 

"నువ్వా?" అంది అవేరో. "నువ్వా? వారం రోజులుగా నా పక్కన పడుకుని ఏడ్చావు. నేను వీళ్లందర్నీ తిట్టుకుంటుంటే నా వీపు నిమిరావు. నువ్వటే?"

"బూడిదనీళ్లు దిగడానికి వారం పడుతుందక్కా. డకార్ ఆవిడ నాలుగు రోజుల్లో కావాలంది..."

"కావాలంటే లేదని చెప్పు! అమ్మ ఎంతమందికి చెప్పలేదు? రాజుగారి కోడలికి చెప్పలేదా, ఆగమని?"

"అమ్మ చేస్తే కదా చెప్పడానికి!" అయొకా కూడా అరిచింది. ఏడుపూ కోపమూ కలిసిపోయాయి. "అమ్మకి కళ్లు పోయి రెండేళ్లయింది. నీకు తెలుసా? తెలీదు. నీ ఇంటి నుంచి పదిహేను రోజులకోసారి వచ్చి, గంజి తాగించి, కబుర్లు చెప్పి వెళ్లేదానివి. నువ్వు వీధి మలుపు తిరగ్గానే నేను చెవిలో చెప్పేదాన్ని, అక్క ఎర్రగుడ్డ కట్టుకొచ్చింది అని. ఆవిడ గుమ్మంలోనే అనేది, ఎర్రగుడ్డ నీకు బాగుందే అవేరో అని. నువ్వు మురిసిపోయేదానివి! రెండేళ్లు కుండలన్నీ నేనే చేశాను. గుర్తు నేనే గీశాను. గుడ్డివాళ్ల గుడ్డలు ఎవరు కొంటారక్కా?"

అవేరో కొట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అందరి మీదా మండిపోయిన కోపం ఇప్పుడు పోవడానికి చోటు లేక ఆమె మీదికే తిరిగింది. ఎర్రగుడ్డ నీకు బాగుందే. ఎన్నిసార్లు అంది ఆ మాట! తను ఒక్కసారైనా అమ్మ కళ్లలోకి సరిగ్గా చూడలేదు.

"సోడా సంగతి అమ్మకి తెలుసా?" అంది. గొంతు తగ్గిపోయింది.

"తెలీదు."

"అయొకా."

"తెలీదక్కా. ఒట్టు. పెరట్లో వేరే కుండ."

ఆ మాట అనగానే ముంగిట్లో బిగబట్టిన ఊపిరి బయటికొచ్చింది. ముసలి అద్దకంవాళ్లు ఇద్దరు, ఆషాబి ఈడువాళ్లు, తలగుడ్డలు తీసి కళ్లొత్తుకున్నారు. ఎవరో అన్నారు, "ఆషాబి చెయ్యి శుద్ధమే. రేపు వెళ్లాలి మనం." ఇంకొకరు అన్నారు, "గుడ్డ ఎలాగూ ఒంటి మీదే ఉంది." గుమ్మం దగ్గర అయాన్‌డేలేకి ఎవరూ చెప్పకుండానే డోలు చంకలోకి వచ్చింది. ఏడు రోజుల తర్వాత మొదటిసారి ఆ ముంగిట్లో ఆషాబి బిరుదు మోగింది: రాత్రిని గుడ్డలోకి దింపిన తల్లీ, నీలి నీ మాట వినేదమ్మా.

అవేరో ఆ పేరు వింది. మోకాళ్లు వాటంతటవే వంగాయి. తను వచ్చింది ఇందుకే. గెలిచింది. చెల్లెలి కుండలు రేపు సంఘం పగలగొడుతుంది, అయొకా ఇంక జన్మలో ఈ గుమ్మం దాటలేదు. కానీ అమ్మ కోసం ఆట జరుగుతుంది.

"ఆపరా," అంది లడిపో తల్లి.

డోలు ఆగింది.

"ఆ పిల్ల తెలీదు అంది. ఆ మాట బాన బయట అంది. దాని చెయ్యి నీళ్లలో నిలవదు కాబట్టి దాని మాట లెక్కలోకి రాదు. ఇంటి తరఫున పెద్దకూతురు చెప్పాలి. అవేరో, చెయ్యి ముంచు."

"ఏం చెప్పాలి? నేను ఆ ఇంట్లో లేనే!"

"ముంచు."

అవేరో ముంచింది. మోచేతి దాకా.

లడిపో తల్లి పీట మీంచి ముందుకు వంగింది. ఆమె గొంతులో కక్ష లేదు. అందుకే అవేరోకి ఎక్కువ భయం వేసింది.

"ప్రతి కుండా, ప్రతి పొద్దూ, నాలుక మీద పెట్టుకోందే గుడ్డ ముంచనిచ్చేది కాదని నువ్వే అన్నావు. కళ్లు పోయాక ఆవిడకి మిగిలింది ఆ నాలుకే. పెరట్లో కొత్త కుండ పెడితే దాన్ని వదిలే మనిషా ఆషాబి? నా ఇంటివాళ్లకంటే ఆషాబిని ఎక్కువ ఎరుగుదును. మూడు నెలలుగా కారం ముట్టలేదని కూడా నువ్వే అన్నావు. ఒకవేళ నాకి ఉంటే, తెలిసి దాచినట్టే. కూతురి తప్పు కడుపులో పెట్టుకుని మనందరికీ అబద్ధమాడినట్టే. అప్పుడు రేపు ఆట లేదు. పండగలో పేరు పిలవం. ఆషాబి కుండ కూడా పగలాల్సిందే. నాకకపోతే, తప్పంతా ఈ పిల్లది. ఒళ్లు కడిగింది నువ్వు. నోట్లో నీళ్లు పోసింది నువ్వు. చెప్పు అవేరో. మీ అమ్మ నాలుక ఎలా ఉంది?"

ఒళ్లు కడిగిన ఆ పొద్దున చాప మీద, అమ్మ గడ్డం పట్టి నోరు తెరిచింది అవేరో. నాలుక చివర తెల్లగా పొర లేచి, నడిమి దాకా చీలి ఉంది. జబ్బు అనుకుంది. ముసలితనం అనుకుంది. పాపం, అనుకుని నీళ్లు పోసింది.

ఇప్పుడు చెయ్యి నీళ్లలో ఉంది. ఆ నీళ్లలో చెయ్యి ఉంచి అబద్ధం ఆడిన మనిషి ఆ ముంగిట్లో ఇంతవరకూ లేదు. గుమ్మంలో అయాన్‌డేలే కర్ర ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. కింద, కాళ్ల దగ్గర, పచ్చిచేతిని గుండెకు హత్తుకుని అయొకా అక్క నోటి వంకే చూస్తోంది. మెల్లగా, ఎవరికీ కనపడకుండా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అమ్మ సంగతి చెప్పొద్దంటోందో, అబద్ధం ఆడి తప్పంతా తన ఒక్కదాని మీదే వేయొద్దంటోందో తెలియలేదు.

అవేరో నోరు తెరిచింది.